ముప్పయ్యొక్క డిగ్రీల ఇల్లు

ఏప్రిల్ 2

బ్రోకర్లందరి ఉమ్మడి పట్టికలో ఇల్లు ఎక్కించిన ప్రతి బ్రోకరూ అది అమ్ముడుపోయేదాకా దాని గురించి నమోదు రాస్తూ ఉండాలని నియమం. ఎవరు చూశారు, ఏమన్నారు, ఎందుకు వద్దన్నారు. అందరూ "చూపించాం, ఆలోచించుకుంటామన్నారు" అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. ఈ నమోదులు చదివేవాళ్ళు భూమ్మీదా లేరు, భూమి కిందా లేరు. చదివేవాళ్ళే లేనప్పుడు అబద్ధం రాసే శ్రమ దేనికి? అందుకని మూడో మెట్టు బ్రోకరు చౌడేశ్వరి అనబడే నేను ఈసారి జరిగింది జరిగినట్టు రాయదలచుకున్నాను.

ఇల్లు మొదటి మెట్టులో ఉంది. రెండు గదులు, ఒక వంటచోటు, నెత్తిమీద పన్నెండడుగుల బండ, ఆ బండ మీద ఎండ. అమ్మేవాళ్ళు నాగరత్న, ఆమె భర్త మద్దిలేటి. అతను రెండో మెట్టు ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆమెకు ఎనిమిదో నెల జొరబడింది.

అడుగూరులో ఇల్లు అమ్మేవాళ్ళందరిదీ ఒకటే కారణం, ఇంకా కిందికి పోవాలి. పైన ఎండకు తట్టుకోలేక మా తాతలు పాత బండల గనుల్లోకి దిగినప్పటి నుంచీ ఇదే వరస. మెట్టు దిగేకొద్దీ చల్లదనం, చల్లదనం కొద్దీ ధర. చాలామంది గొప్పకు దిగుతారు. నాగరత్నది గొప్ప కాదు. మొదటి మెట్టులో మే నెలలో పుట్టిన బిడ్డలు నిలవరు. డాక్టర్లు ఆ సంగతి చుట్టూ తిప్పి చెబుతారు గానీ ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండేళ్ళ కిందట మేలో పుట్టిన ఆమె కొడుకు వారం తిరక్కుండా పోయాడు.

"ఈ కాన్పు నాల్గో మెట్టులో కావాలక్కా. ఎంతకైనా సరే అమ్మెయ్" అంది.

"ఎంతకైనా అని బ్రోకరు ముందర ఎప్పుడూ అనాకు. ముంచేస్తారు" అన్నాను. ఆమె నవ్వలేదు. మద్దిలేటి సంతకం పెట్టాడు.

కాయితం మీద తడి ఆరకముందే పాతాళ హోమ్స్ జయరాం ఎదురొచ్చాడు. ఎవరి ఇంట్లో ఎవరు మూటలు కడుతున్నారో ఈ మనిషికి ఎలా తెలుస్తుందో నాకు ఈనాటికీ అంతుపట్టదు.

"చౌడక్కా, ఆ ఇల్లు ఉమ్మడిలో పెట్టాకు. నా చేతిలో మనుషులుండారు. మనమిద్దరమే ముగిచ్చుకుందాం."

దీన్ని మా వాళ్ళు చెవి ఇల్లు అంటారు. పట్టికకు ఎక్కదు, ఒక చెవి నుంచి ఇంకో చెవికి పోతుంది. ఉమ్మడి రాకముందు అన్నీ చెవి ఇళ్ళే. ఎవరి ఇళ్ళు వాళ్ళ గుప్పిట్లో ఉండేవి. ఆరో మెట్టులో ఇళ్ళు తాళాలేసి పడుంటే మొదటి మెట్టులో జనం ఇళ్ళు లేవని ఏడ్చేవాళ్ళు. అది చూడలేకే కొందరు బ్రోకర్లు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఎవరికి ఇల్లు దొరికినా ఒక్క రోజులో అందరి చేతి పలకల తెరల మీదా కనబడాలి. కొనేవాడిని ఏ బ్రోకరు తెచ్చినా కమీషను చెరి సగం. అమ్మేవాడికి ఊరంతా గిరాకీ, కొనేవాడికి ఊరంతా ఇళ్ళు. అడుగూరులో మనుషులు బుద్ధిగా చేసుకున్న పని ఏదైనా ఉందంటే అదొక్కటేనని నేను మీటింగుల్లో గొంతు చించుకుని చెబుతుంటాను.

"నీ గుసగుసలు నువ్వు చెప్పుకో, నా ఇల్లు నలుగురిలో ఉంటాది" అన్నాను జయరాంతో. సాయంత్రానికల్లా ఉమ్మడిలో ఎక్కించేశాను.

ఏప్రిల్ 10

పురుగు కూడా రాలేదు.

తప్పు ఇంటిది కాదు, దాని అంకెది. అడుగూరులో ప్రతి ఇంటి నేలబండలోనూ ఒక ఇనుప మొల ఉంటుంది. నేల ఎంత వేడిగా ఉందో అది చెబుతుంది, అమ్మకానికి పెట్టగానే ఆ అంకె ఉమ్మడిలో ఇంటి పక్కన కనబడుతుంది. పట్టిక చల్లటి ఇంటితో మొదలవుతుంది. నాగరత్న ఇంటి అంకె ముప్పయ్యారు. అంటే ఆఖరి పుట. బ్రోకర్లు సోమరిపోతులు, నాతో సహా. ఆఖరి పుట దాకా వేలు జరిపే ఓపిక ఎవరికీ ఉండదు.

దానికి తోడు ఇల్లు పట్టికలో పాతబడేకొద్దీ దాని మీద అనుమానం పెరుగుతుంది. ఇన్నాళ్ళుగా ఎవరూ కొనలేదంటే ఏదో ఉండే ఉంటుంది అంటారు. ఎవరూ చూడందే ఎలా కొంటారని అడిగే నాథుడు లేడు.

నాల్గో మెట్టులో నాగరత్న మనసుపడిన ఇల్లు గడియారాలు బాగుచేసే శేషఫణిది. ఒంటరి మనిషి, ఆరో మెట్టులో ఉన్న అక్క దగ్గరికి పోతున్నాడు. నేల ఇరవై తొమ్మిది. మే మొదటి వారం దాటితే ఆగలేనన్నాడు. ఆ మాటైనా ఇచ్చాడు, మంచివాడు. మా వృత్తిలో మంచివాళ్ళు ఇచ్చే గడువులే ఎక్కువ భయపెడతాయి.

ఏప్రిల్ 16

మొదటిసారి ఇల్లు చూడటానికి ఒక కుటుంబం వచ్చింది. రెండో మెట్టు బ్రోకరు తీసుకొచ్చాడు. పైనుంచి కొత్తగా దిగినవాళ్ళు, ఏ మెట్టయినా సరేనన్నారట.

ఇల్లు చూడటమంటే గోడలు చూడటం కాదు. కొనే ఇంటి పెద్ద చొక్కా విప్పి, నేలబండ మీద వెల్లకిలా పడుకుంటాడు. అమ్మే ఇంటివాళ్ళు మిగతావాళ్ళకు మజ్జిగ ఇస్తారు. వాళ్ళు మజ్జిగ తాగడం అయ్యేదాకా అతను లేవకూడదు, ఎవరూ మాట్లాడకూడదు. దీన్ని వీపు ఆనించడం అంటాం. అమ్మేవాడు అబద్ధమాడొచ్చు, బ్రోకరు ఎలాగూ ఆడతాడు, వీపు ఆడదని పెద్దల నమ్మకం. వీపు ఆనించాకనే ధర మాట.

ఆ మనిషి నాగరత్న చేతిలో చెంబు ఖాళీ కాకముందే లేచి కూర్చున్నాడు.

"పెనం మాదిరుండాదప్పా. దీనికన్నా పైనే మేలు. రాత్రన్నా గాలొస్తాది."

వాళ్ళు పోయాక నాగరత్న గ్లాసులు కడుగుతూ ఉండిపోయింది. కడిగినవే మళ్ళీ కడిగింది. నాకు వాళ్ళ మీద కోపమొచ్చింది. వాళ్ళ వీపు తప్పేముంది? అయినా వచ్చింది.

ఏప్రిల్ 18

నేల తడపడానికి నిర్ణయించాం.

ఇదేదో ఘోరమని అనుకోవద్దు. ప్రతి బ్రోకరూ చేసేదే. చూపులకు ముందు ఐసు దిమ్మలు గోనెసంచుల్లో చుట్టి, వరిపొట్టు పోసి, బండ మీద పరుస్తారు. తెల్లారి తీసేసి తుడిచి, ఆరబెడితే మూడు నాలుగు గంటలు నేల హాయిగా ఉంటుంది. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. పెళ్ళిచూపులకు పౌడరు రాసుకుంటే మోసమంటామా?

కాకపోతే అందరూ చూపుల రోజు ఒక్కటే చేస్తారు, ఐసు ఖరీదు కనుక. మాకు మద్దిలేటి ఉన్నాడు. ఫ్యాక్టరీలో అంచులు విరిగిన దిమ్మలు పనివాళ్ళకు ఇచ్చేస్తారు. రోజూ తెస్తానన్నాడు. రోజూ పరిస్తే మొల అంకె కూడా దిగుతుంది కదా అని నాకే తట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"నేల మీద ఐసు పెడితే నాకూ కాళ్ళకు సుఖమే గదక్కా" అంది నాగరత్న. ఆమె పాదాలు ఉబ్బి ఉన్నాయి. మొదటి దిమ్మ పరవగానే దాని పక్కన చాప వేసుకుని పడుకుంది.

ఏప్రిల్ 26

అంకె ముప్పయ్యొకటికి దిగింది. మొదటి మెట్టులో ముప్పయ్యొకటి! ఉమ్మడిలో ఆఖరి పుట నుంచి ఎగిరి రెండో పుటలో కూర్చుంది. పలక మోగుతూనే ఉంది. మొన్నటిదాకా నన్ను చూసి మొహం తిప్పుకున్న బ్రోకర్లు "ఏమక్కా, భోంచేసినావా" అని అడుగుతున్నారు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఇద్దరు. నాగరత్న మజ్జిగ చిలకలేక చిలుకుతోంది. వీపులు ఆనుతున్నాయి, లేస్తున్నాయి, బేరాలు సాగుతున్నాయి.

జయరాం కూడా వచ్చి, బండను అరచేత్తో తడిమి, నా వైపు చూశాడు.

"మంచి ఇల్లు" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. దొంగకు దొంగ మర్యాద ఇస్తాడు.

మే 2

నిన్న పొద్దున గాలి తగ్గింది.

ఎండాకాలంలో అన్ని మెట్లకూ చల్లగాలి గొట్టాల్లో వస్తుంది, ఎక్కువ భాగం మొదటి రెండు మెట్లకే. నేల ఎంత వేడిగా ఉంటే ఆ ఇంటికి అంత గాలి వాటా. ఆ గాలి లేకపోతే మేలో ఇక్కడ కోళ్ళు కూడా బతకవు. నాగరత్న ఇంట్లో గొట్టం రోజూ ఏరులా మోగేది. ఇప్పుడు ముసలివాడి ఊపిరిలా ఉంది.

"గాలి తగ్గిందక్కా" అని నాగరత్న అంటే మొదట నమ్మలేదు. గొట్టం దగ్గర మొహం పెట్టి చూశాను. నిజమే. మద్దిలేటి ఐసు ఇంకా ఎక్కువ తెచ్చాడు. దాంతో నేల చల్లగానే ఉంది గానీ పైన గాలి ఉక్క. తేమకు చెమట ఆరదు. గోడలకు నీటి బొట్లు పట్టాయి. ఆమె నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది.

మే 3

గాలి ఆఫీసుకు పోయాను. గుమాస్తా కుర్రాడు కాదు, అనుభవమున్న మనిషే, పేరు పుల్లారెడ్డి. ఆయన తన పలక నా వైపు తిప్పాడు.

"మీ ఇంటి నేల ముప్పయ్యొకటి. ఆ అంకెకు మూడో మెట్టు ఇంటికి ఎంతో మొదటి మెట్టయినా అంతే ఇస్తాండాం. తక్కువేం ఇయ్యలేదే?"

"ఆ అంకె మీకెవరు చెప్పినారు?"

"మీరే గదమ్మా! మునుపు మా మనుషులు ఇంటింటికీ తిరిగి కొలిచేవాళ్ళు. ఇప్పుడు అమ్మకానికున్న ఇండ్లకు ఉమ్మడి అంకెలే తీసుకుంటాండాం. ఒకటో తేదీ, పదహారో తేదీ."

అప్పుడు గుర్తొచ్చింది. మార్చి మీటింగులో మా సంఘం తీర్మానం చేసింది. ఉమ్మడి అంకెలు గాలి ఆఫీసుకు ఇస్తే సభ్యులకు చందా తగ్గుతుందని అధ్యక్షుడు చెప్పాడు. చేతులెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రోజు వడలు బాగున్నాయి.

"ఇంగ మార్చలేరా?"

"ఆ అంకె తప్పని ఇల్లు ఎక్కించిన బ్రోకరు రాసిస్తే వెంటనే మనిషిని పంపుతాం, ఆ రోజే గాలి ఇస్తాం. కానీ తప్పుడు అంకె అని తేలితే ఆ ఇంటి మీద మచ్చ పడుతుంది. ఏడాది అమ్మకాలుండవు. అప్పటికే అమ్మేసున్నా చెల్లదు. అది మా నియమం కాదు తల్లీ, మీ ఉమ్మడిదే."

మాదే. ఆ నియమం పెట్టాలని పోట్లాడింది కూడా నేనే, జయరాంలాంటి వాళ్ళను కట్టడి చేయడానికి.

ఇప్పుడు ఐసు ఆపేసినా పదహారు దాకా గాలి రాదు. ఆపేస్తే అంకె పెరుగుతుంది, కొనేవాళ్ళు పోతారు. తిరిగొచ్చి నాగరత్నకు చెప్పాను. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్ముడుపోయేదాకా ఓర్చుకుంటా. మచ్చ పడితే ఈడనే కనాల" అంది.

మే 5

బేరం కుదిరింది. కొనేవాడు తిక్కస్వామి. పైన ఆస్పరి వైపు గొర్రెలు కాచుకునేవాడు. గొర్రెలు పోయాయి, ఉన్నదంతా ఊడ్చుకుని కిందికి దిగాడు. భార్య ఈరమ్మ, చంకలో అయిదు నెలల పాప. తెచ్చిన బ్రోకరు జయరాం. తిక్కస్వామి వీపు ఆనించి లేవనేలేదు, నిద్రపోయాడు. మజ్జిగ రెండోసారి తిప్పాల్సి వచ్చింది. లేచాక సిగ్గుపడి, అడిగిన ధరకే ఒప్పుకున్నాడు.

బయటికొచ్చాక జయరాంను అడిగాను.

"గాలి ఆఫీసోళ్ళు మా గాలి కోసి, మిగిలింది ఏం చేస్తాండారు?"

"తొమ్మిదో మెట్టుకు పోతాంది. ఆడ దుప్పట్లు కప్పుకుంటాండారంట" అని నవ్వాడు. "మొదటి మెట్టులో అమ్మకానికున్న ప్రతి ఇంట్లోనూ దినామూ ఐసే గదక్కా ఇప్పుడు. నిన్ను చూసే నేర్చుకున్నారు."

నాకు నవ్వు రాలేదు.

మే 8

ఈ రోజు రిజిస్ట్రేషన్.

పొద్దున్నే నాగరత్నకు నొప్పులు మొదలయ్యాయి. నెల నిండలేదు, ఉక్కకు ముందే వచ్చాయి. శేషఫణికి కబురు పంపాను. కాయితం నా చేతికి రాగానే ఇల్లు ఖాళీ చేస్తానన్నాడు. నాల్గో మెట్టు గేటు దగ్గర ఆ మెట్టు ఇంటి కాయితం చూపించందే ఎండాకాలం బ్రోకర్లను తప్ప ఎవరినీ లోపలికి రానివ్వరు. ఆ కాయితం రావాలంటే ముందు ఈ ఇల్లు అమ్ముడుపోవాలి. అంతా ఒక వరుసలో నిలబడి ఉన్నాం, ముందున్నవాడు కదిలితేనే వెనకున్నవాడు కదలాలి.

సంతకాలకు ముందు ఇంకోసారి వీపు ఆనించాలి. ఈసారి ఇల్లాలు. ఈరమ్మ రవికతోనే పడుకుని, పాపను రొమ్ము మీద వేసుకుంది. మద్దిలేటి దిమ్మలు తీసి తుడిచి గంట కూడా కాలేదు. నాగరత్న గోడకానుకుని, పెదవి కొరుక్కుంటూ తనే మజ్జిగ పోసింది. ఎవరూ మాట్లాడకూడదు కనుక ఎవరమూ మాట్లాడలేదు. పాప ఊఁ ఊఁ అంటూ తల్లి గొలుసు లాగుతోంది.

ఈరమ్మ పడుకునే నన్ను అడిగింది. పడుకున్నప్పుడు మాట్లాడకూడదని పైవాళ్ళకు తెలియదు.

"అక్కా, ఎప్పుడూ ఇంత చల్లగానే ఉంటాదా? పాపకు సెగ్గడ్డలు లేస్తాండాయి."

ఇలాంటి ప్రశ్నకు ఇరవై ఏళ్ళుగా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నేను ఆలోచించే లోపలే నోరు చెప్పేసింది.

"మేలో కొంచెం పెరుగుతాదమ్మా. కొంచెమే."

నాగరత్న మజ్జిగ పోయడం ఆపింది. నా వైపు చూసింది. చెప్పమని చూసిందా, చెప్పొద్దని చూసిందా నాకు తెలియదు. అప్పుడే ఇంకో నొప్పి వచ్చి ఆమె కళ్ళు మూసుకుంది.

సంతకాలయ్యాయి. మద్దిలేటి, అతని ఫ్యాక్టరీ మనుషులు ఇద్దరు కలిసి ఆమెను కుర్చీలో మోసుకుని కిందికి దిగారు. గేటు దగ్గర కాయితం చూపించాను. నాల్గో మెట్టులో గాలి తగలగానే నాగరత్న ఏడ్చింది. శేషఫణి వాకిట్లో తన గడియారాల పెట్టెలు పెట్టుకుని నిలబడి, మేం లోపలికి పోగానే వెళ్ళిపోయాడు. దీపాలు పెట్టే వేళకు కొడుకు పుట్టాడు. చిన్నగా ఉన్నాడు గానీ గట్టిగా ఏడుస్తున్నాడు.

సంతోషించాను. అది రాయకపోతే అబద్ధమవుతుంది. చాలా సంతోషించాను.

మే 10

తిక్కస్వామి మూడో మెట్టు గేటు దాకా వచ్చి నన్ను పిలిపించాడు. కోపంగా కాదు. కోపంగా వచ్చుంటే బాగుండేది.

"అక్కా, ఇల్లు ఎందుకో మారిపాయ. నేల కాలుతాంది, గాలి లేదు. మేమేమన్నా తప్పు చేసినామా? గొట్టం యాడన్నా తిప్పాల్నా?"

ఏమీ తిప్పక్కర్లేదన్నాను. మద్దిలేటితో మాట్లాడి మళ్ళీ ఐసు పంపించాను. బిడ్డ పుట్టిన రెండో రోజే ఆ మనిషి నాల్గో మెట్టు నుంచి పైకెక్కి, ఒక్క మాట అనకుండా దిమ్మలు మోశాడు. నేల చల్లబడింది. గాలి మాత్రం ముసలివాడి ఊపిరే.

గాలి రావాలంటే దారులు రెండు. నేను అంకె తప్పని రాసిస్తే ఈ రోజే వస్తుంది. రాసిస్తే మచ్చ పడుతుంది, అమ్మకం చెల్లదు, నాగరత్న రెండు రోజుల బిడ్డను ఎత్తుకుని ఈ ఇంటికే తిరిగి రావాలి. రెండో దారి, పదహారున గాలి ఆఫీసు అంకె చూసేసరికి నేల తన అసలు వేడికి చేరి ఉండాలి. అంటే ఐసు ఆపెయ్యాలి.

ఇల్లు ఉమ్మడిలోంచి పోయింది కదా, అంకె ఎలా చూస్తారని పుల్లారెడ్డిని అడిగాను. "అమ్మిన ఇల్లు నెలదాకా పట్టికలోనే ఉంటాది గదమ్మా, అమ్ముడు అని" అన్నాడు. మా నియమాలు నాకంటే ఆయనకే బాగా తెలుసు.

అర్జీ కాయితం ముందేసుకుని కూర్చున్నాను. పేరు రాశాను, ఇంటి నంబరు రాశాను. నిన్న చూసిన నాగరత్న కొడుకు పిడికిళ్ళు కళ్ళముందు ఉన్నాయి. చించేశాను.

ఈరమ్మ దగ్గరికి పోయి చెప్పాను. ఐసు పెట్టొద్దు, కొన్నాళ్ళు ఓర్చుకో, నేల వేడెక్కితేనే గాలొస్తుంది, గుడ్డలు తడిపి పాప మీద వెయ్యి, నీళ్ళు పట్టిస్తూ ఉండు. పాపనెత్తుకుని నా ఇంటికి వచ్చి ఉండమని కూడా అన్నాను. మూడో మెట్టు గేటు దగ్గర వాళ్ళను ఆపేశారు. బంధువులని చెప్పాను. నా ఇంటి కార్డులో వాళ్ళ పేర్లు లేవన్నారు.

ఈరమ్మ నేను చెప్పినవన్నీ తలూపుతూ వింది. నమ్మింది. మొదటిసారి అబద్ధం చెప్పినా నమ్మింది, ఇప్పుడు నిజం చెప్పినా నమ్మింది.

మే 12

నేల ముప్పయ్యయిదు. సరిగ్గా పెరుగుతోంది. నేను రెండు పూటలా పోయి మొల దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నాను. బండ వేడెక్కుతుంటే ఇంతగా ఎదురుచూసిన మనిషి అడుగూరు చరిత్రలో ఉండడు. పాప ఏడవడం తగ్గించింది. అది మంచిదేమో అనుకున్నాం.

మే 14

తిక్కస్వామి కూతురు చచ్చిపోయింది. పేరు మంగ.

పొద్దున వంటవేళ పాలు పట్టబోతే నోరు తెరవలేదట. తడిగుడ్డ ఇంకా ఒంటి మీదే ఉంది. నేను పోయేసరికి ఈరమ్మ నేలమీద కూర్చుని ఆ గుడ్డ మళ్ళీ తడిపి మళ్ళీ వేస్తోంది. తిక్కస్వామి నన్ను చూసి లేచి నిలబడి, కూర్చోమని చాప చూపించాడు.

"నువ్వు చెప్పినట్లే చేసినామక్కా" అన్నాడు.

నేనే చంపానని అరవాలనిపించింది. అరిస్తే అదీ ఒక సుఖమే, నాకెందుకు ఆ సుఖం?

మద్దిలేటి వచ్చాడు, ఎవరు చెప్పారో. వాకిట్లోనే ఆగిపోయాడు. రెండేళ్ళ కిందట ఇదే గదిలోంచి అతను తన కొడుకును ఎత్తుకుపోయింది నాకు తెలుసు. తిక్కస్వామికి తెలియదు. మేమెవరమూ చెప్పలేదు. పాపను పైకి తీసుకుపోయి ఎండ తగ్గాక పూడ్చారు. వాళ్ళిద్దరూ మళ్ళీ దిగిరాలేదు. ఆస్పరికే పోయారని జయరాం చెప్పాడు. ఇంటి తాళం అతని చేతికిచ్చి, ఎంతకైనా అమ్మెయ్యమన్నారట.

మే 15

నాల్గో మెట్టుకు పోయాను. నాగరత్న కొడుక్కి పాలిస్తోంది. వాడు కాస్త తేరుకున్నాడు. ఆమె నన్ను చూసినా వాడి నోట్లోంచి రొమ్ము తీయలేదు.

"ఆ రోజు చెంబు పట్టుకుని నిలబడి నేనన్నా చెప్పుంటే?" అంది.

"చెప్పుంటే నీ కొడుకు ఈడ ఉండడు."

"అందుకే చెప్పలే" అంది. "నాకు తెలిసే చెప్పలేదక్కా. నువ్వు నోటికొచ్చి అన్నావు. నేను తెలిసి ఊరుకున్నా."

ఆమె ఏడవలేదు. నాకు ఆమె మీద కోపం రాలేదు, జాలీ రాలేదు. పుల్లారెడ్డి మీద, జయరాం మీద, సంఘం మీద, తొమ్మిదో మెట్టు దుప్పట్ల మీద ఎంత కోపం తెచ్చుకుందామన్నా నిలవడం లేదు. వాళ్ళంతా ఉమ్మడిలో ఉన్నది ఉన్నట్టు చదివినవాళ్ళే. అందులో రాసింది నేను. బిడ్డను ఎత్తుకోమని ఆమె అనలేదు, నేను అడగలేదు.

మే 16

పొద్దున పలక తెరిస్తే ఆ ఇల్లు మళ్ళీ ఉమ్మడిలో ఉంది. జయరాం పేరు మీద. మొదటి మెట్టు, రెండు గదులు, నేల ముప్పయ్యేడు, ఆఖరి పుట. అమ్మకానికున్న ఏ ఇంటినైనా ఏ బ్రోకరైనా తెరవొచ్చు కనుక నా తాళంచెవి పనిచేస్తుంది. ఎందుకు పోయానో తెలియదు, పోయాను.

తలుపు తెరవగానే చప్పుడు. గొట్టం పూర్తిగా తెరుచుకుని ఉంది. ఆఫీసువాళ్ళు తెల్లవారుజామునే అంకె చూసి, ముప్పయ్యేడు డిగ్రీల ఇంటికి ఇవ్వాల్సిన గాలి వాటా లెక్కప్రకారం ఇచ్చేశారు. మనిషన్నవాడు లేని ఇంట్లో గాలి హోరుమని వీస్తోంది. ఈరమ్మ పరిచిన చాప లేచి గోడకు కొట్టుకుంటోంది.

లోపలి గదిలో, బండ మీద కూర్చున్నాను. బండ కాలుతోంది, పైన మాత్రం గాలి నాల్గో మెట్టు గాలిలా చల్లగా ఉంది. ఎంతసేపు కూర్చున్నానో. జయరాం ఎవరినో వెంటబెట్టుకుని ఇల్లు చూపించడానికి వచ్చాడు. చంటిపిల్లను ఎత్తుకున్న ఆడమనిషి గడప దగ్గరే ఆగి, "అబ్బ, ఎంత గాలి!" అంది.

నేను లేవలేదు. చలి వేస్తే కొంగు భుజాల నిండా కప్పుకున్నాను.